గేటు రంగు రాయని టపా

ఆ రోజుల్లో, అంటే తెలుగులో బ్లాగులు కొత్తగా మొలకెత్తుతున్న కాలంలో, ఒక్క ఊపిరిలో చదవగలిగేది అసలు వాక్యమే కాదని నా గట్టి నమ్మకం. పటమటలో అక్కావాళ్లింట్లో ఉంటూ, పగలు ఒక మందుల హోల్‌సేల్ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, సాయంత్రం సందు చివరి నెట్ సెంటర్లో టపాలు రాసేవాణ్ణి. మా సందులో కాలవ పొంగినా సరే, నా టపాలో అది జీవనదిలాగే పొంగేది. చదివినవాళ్లు "అద్భుతం!", "అక్షర జలపాతం!" అని వ్యాఖ్యలు పెట్టేవారు. ఒక్కాయన మాత్రం (రిటైరైన లెక్కల మాస్టారట) ప్రతి టపా కిందా ఒకటే మాట రాసేవారు: "అర్థం కాలేదండీ. మళ్లీ చెప్తారా?" ఆయనకి మళ్లీమాస్టారని పేరు పెట్టుకుని, ఏనాడూ జవాబివ్వకుండా శిక్షించాను.

ఇలా ఉండగా, విజయవాడ చుట్టుపక్కల బ్లాగర్లమంతా ఒక ఆదివారం భోజనానికి కలుద్దామనుకున్నాం. మా ఇంట్లోనే అని ప్రకటించేశాను. "ఇవన్నీ చదివేవాళ్లు నిజంగా ఉన్నారంట్రా?" అని రోజూ అడిగే బావ ముందు నా పాఠకుల్ని వరసగా నిలబెట్టే అవకాశం మళ్లీ రాదు కదా! ఆహ్వానాన్ని టపాగా రాసి అక్కకి చదివి వినిపించాను: "కృష్ణమ్మ అలల జోల చెవులకు సోకే చోట, మా సోదరి ముంగిట, ఆదివారం భానుడు నడినెత్తిన నవ్వే వేళ, మనసులు కలబోసుకుందాం రండి."

"బానే ఉందిరా. ఇంతకీ ఎక్కడికి రావాలి?"

"మనింటికే."

"పటమటలో అలల జోలేంట్రా, లారీ హారన్లు తప్ప? సందు పేరు రాయి. ఆకుపచ్చ గేటని రాయి."

"ఇలాంటి వాక్యంలో గేటు రంగు ఇమడదక్కా."

"అయితే ఆ వాక్యానికే వండి పెడతాలే!"

అన్నదే గానీ, ఆదివారం పొద్దున్నే లేచి కొర్రమీను పులుసు, గుత్తివంకాయ, గోంగూర, అన్నీ చేసింది. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వరండాలో కూర్చున్నాడు (మర్యాద కోసం కాదు, వినోదం కోసం). భానుడు నడినెత్తిన నవ్వాడు. ఎవరూ రాలేదు. కాస్త పక్కకి ఒరిగి ఇంకా నవ్వాడు. అప్పుడు ఒక పాత స్కూటరు వచ్చి గేటు ముందు ఆగింది. దిగినాయన పేరు చెప్పుకున్నారు. మళ్లీమాస్టారు!

"ఇల్లెలా కనుక్కున్నారండీ?" అన్నాను ఆశ్చర్యంగా.

"మీ టపా అర్థం కాలేదండీ. బ్లాగులో పక్కనే ఫోన్ నంబరుందిగా, నిన్న చేస్తే మీ అక్కగారు ఎత్తి ఆకుపచ్చ గేటన్నారు."

ఇంతలో ఫోను మోగింది. అక్షర జలపాతం గారు (ఆ వ్యాఖ్య ఆయనదే)! "ఘాట్ దగ్గరున్నామండీ, అందరం! అలల జోల బ్రహ్మాండంగా వినిపిస్తోంది. మీ అక్కగారి ముంగిలెక్కడండీ?"

"టపా అర్థం కాలేదాండీ?"

"భలేవారే! ఒక్క ముక్క కూడా విడవకుండా అర్థమైందండీ!"

అక్క నా చేతిలోంచి రిసీవరు లాక్కుంది. "ఆటో ఎక్కి పటమట రండి బాబూ. సందు మొదట్లో మందుల షాపు, మూడో ఇల్లు, ఆకుపచ్చ గేటు. పులుసు చల్లారిపోతోంది." అందరూ ఆటోల్లో వచ్చి వాలిపోయారు. "నీ పాఠకులున్నార్రా, ఒప్పుకున్నాను. వచ్చింది మాత్రం మీ అక్క వాక్యానికి," అన్నాడు బావ, పులుసు వడ్డించుకుంటూ.

నా టపాలో తప్పుందని అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. నది ఒడ్డున వంటిల్లు వెతికినవాళ్లది తప్పు. అయితే ఆ తర్వాత ఏ టపా రాసినా, అక్క పక్కన నిలబడి "ఇంతకీ ఎక్కడికి రావాలి?" అన్నట్టే ఉండేది. భానుడు పోయి పన్నెండున్నర వచ్చింది. సోదరి పోయి అక్క వచ్చింది. అక్షర జలపాతం గారైతే మరుసటి సమావేశంలో మా వరండాలోనే కూర్చుని, "మీ శైలి పోయిందండీ" అని వాపోయారు. "పోతే పోనివ్వండి. ఈసారి మీరు సరాసరి ఇంటికొచ్చారుగా!" అన్నాను. ఈనాటికీ నా సమాధానం అదే. నా తెలుగు పలచబడిందన్న ప్రతివారికీ అదే అప్పజెప్తాను.

మొన్న ఆ పాత టపా తెరిచాను. అక్కావాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేసి చాలా కాలమైంది. అలల జోల కొట్టేద్దామని చెయ్యి వెళ్లింది గానీ, లారీ హారన్ల మధ్య కూర్చుని అలలు విన్న ఆ కుర్రాడి మీద జాలేసి వదిలేశాను. కింద మాస్టారి వ్యాఖ్య అలాగే ఉంది: "అర్థం కాలేదండీ. మళ్లీ చెప్తారా?"

ఇన్నేళ్లకి జవాబు రాశాను. "పటమట. ఆకుపచ్చ గేటు. పన్నెండున్నరకి రండి మాస్టారూ."