వానక్క

సైన్యానికి అమ్మే సెన్సార్లను కంప్యూటర్లో ఉత్తుత్తి యుద్ధం నడిపి పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. చెప్పులు బల్లకింద వదిలేసి, కుర్చీలోనే బాసింపట్టు వేసుక్కూర్చుని, ప్రతి యుద్ధంలోనూ జోరువాన కురిపిస్తుంది. అందుకే ఆఫీసుకంతటికీ ఆవిడ వానక్క. ఆరోజు కొనేవాళ్లు వచ్చి వెనక నిలబడ్డారు. తెరమీద వానలో పోతున్న ట్రాక్టరును మూడు సెన్సార్లూ యుద్ధట్యాంకని చూపించాయి. "అది నేను పెట్టిన ట్రాక్టరండీ," అందావిడ. "మూడూ కలిసి పొరబడతాయా?" అన్నాడు వాళ్లలో ఒకాయన. "చూసింది ఒకటే. మిగతా రెండూ దాని మాట అందుకుని తానా అంటే తందానా అన్నాయి." మేనేజరు ఆవిడ చెవి దగ్గరకి వంగి, "ఈ ఒక్కపూట ఆ వాన ఆపమ్మా, నీకు పుణ్యముంటుంది," అని గొణిగాడు. ఆవిడ మాత్రం గొంతు తగ్గించలేదు. "పుణ్యం ఆ ట్రాక్టరు తోలేవాణ్ణి బతకనిస్తే వస్తుంది సార్," అని, వానను ఇంకాస్త పెంచింది.