తాత బండి మెత్తబడిన వేసవి

ఈ సాయంత్రం మా మావయ్యగారు పిల్లలిద్దరినీ ట్యూషన్ నుంచి తన మూడు చక్రాల స్కూటరు మీద తీసుకొచ్చి, లిఫ్టు దిగి, గుమ్మం ముందు నిలబడి, రోజూలాగే ఎడమ కాలి చెప్పు విదిలించి గోడ పక్కకు జరిపారు. తర్వాత కుడి కాలిని కూడా అలాగే విదిలించి, వేళ్ళతో తోసి, మొదటి చెప్పు పక్కన వరసగా పెట్టారు. కుడి కాలికి చెప్పు లేదు. లేని చెప్పును విడిచి, లేని చెప్పును సర్దిపెట్టి, ఆయన లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చున్నారు. పిల్లలు అదేదో ఆట అనుకుని నవ్వారు. నేను టీ గ్లాసు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"అమ్మాయ్, ఈ కొత్త సీటు వేయించాక బండి ఎంత సుఖంగా ఉందనుకున్నావ్! గాజువాక రోడ్డు మీద వెళ్తున్నట్టే లేదనుకో. పరుపు మీద పడుకున్నట్టుంది" అన్నారాయన.

మావయ్యగారిది గోదావరి వైపు. వయసులో ఉండగా స్టీల్ ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, ఉక్కునగరం క్వార్టర్లో సగం జీవితం గడిపి, రిటైరయ్యాక మా దగ్గరికి వచ్చారు. మోకాళ్ళు బండిని నిలబెట్టలేకపోతున్నాయని పోయినేడు మా ఆయన ఆ పాత స్కూటరుకు వెనక ఒక్క చక్రం తీయించి రెండు చక్రాలు వేయించారు. వేయించిన దగ్గర్నుంచి నడుం విరిగిపోతోందని, ఎముకలు కదిలిపోతున్నాయని ఆయన రోజూ ఆ బండిని తిట్టేవారు. పది రోజులుగా తిట్టడం లేదు. నేను కిందికి వెళ్ళి చూశాను. కుడి కాలి చెప్పు బ్రేకు పెడలు కింద ఇరుక్కుని ఉంది.

ఇప్పుడు ఇంట్లో అందరూ నిద్రపోయారు. మా ఆయనది నైట్ షిఫ్టు. బండి మెత్తగా ఉందన్న మాట నేను మొదట విన్నది తొమ్మిదేళ్ళ వయసులో, భీమిలిలో, మా తాత నోట. ఆ వేసవిలో జరిగిందంతా అందరికీ తెలుసు గానీ, అందులో నా భాగం ఏమిటో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

మా నాన్నకు పోర్టులో పని. వేసవి సెలవులు ఇచ్చిన మర్నాడే అమ్మ నన్ను బస్సెక్కించి, భీమిలి ఒడ్డున పుట్టింట్లో దింపి, సాయంత్రానికి తిరిగి వెళ్ళిపోయేది. అమ్మ వాళ్ళది సముద్రం మీద వేటకు వెళ్ళే కుటుంబం. పొద్దున్నే రాగుల చోడంబలి, అందులో నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు నెత్తళ్ళ చేపలు, మధ్యాహ్నం కొండ వైపు నుంచి గంపల్లో వచ్చే జీడిమామిడి పళ్ళు, వాటి రసం కారి ఎంత ఉతికినా పోని మరకలు పడ్డ నా గౌన్లు, సాయంత్రం తడి ఇసుకలో పీతల కన్నాల్లోకి నీళ్ళు పోసి అవి బయటికి వస్తాయా అని ఊపిరి బిగబట్టి కూర్చోవడం. చేపలు గుడ్లు పెట్టే వేసవి రోజుల్లో వేట ఆపేస్తారు కాబట్టి ఒడ్డంతా పడవలు బోర్లించి ఉండేవి, మగవాళ్ళు వాటి నీడలో కూర్చుని వలలు బాగుచేసుకునేవాళ్ళు. కాళ్ళు చాపుకుని కూర్చోవడం, వల కన్నాన్ని కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి పట్టుకోవడం, కుడి చేత్తో అల్లిక కర్ర ఆడించడం. చూసేవాళ్ళకు మనిషి వలలో చిక్కుకున్నాడో, వలే మనిషిని కుట్టుకుంటోందో తెలిసేది కాదు.

మా తాత ఎల్లాజీకి కాళ్ళే కళ్ళు. తెప్ప మీద చీకట్లో నిలబడి, కింద నీరు ఎటు లాగుతోందో, పెద్ద అల ఎంత దూరంలో ఉందో అరికాళ్ళతో చెప్పేవాడట. "కంటికి సముద్రం అబద్దం సెప్తాదే గుంటా, కాలికి సెప్పదు" అనేవాడు. మోకాళ్ళు అరిగిపోయాక కొడుకులు ఆయన్ని తెప్ప ఎక్కనివ్వడం మానేశారు. ఊరుకోలేక ఆయన ఒక పాత మోటార్ సైకిలు సంపాదించి, వెనక భాగం కోయించి, ఆటో చక్రాలు రెండు వేయించి, పైన చెక్క పెట్టె బిగించుకున్నాడు. అమ్మమ్మ ఎండబెట్టిన చేపల గంపలు, గంపల మధ్య నేను, ముందు ఉత్తికాళ్ళతో తాత. రోజూ పొద్దున బజారుకు, సాయంత్రం ఇంటికి.

ఆ బండి నడకను నా ఒళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు. రెండు చక్రాల బండి గుంతను తప్పించుకుంటుంది. మూడు చక్రాల బండికి నేల మీద మూడు దారులు, ముందు చక్రం ఒడుపుగా తప్పించిన గుంతను వెనక చక్రాల్లో ఏదో ఒకటి వెతికి పట్టుకుంటుంది. మలుపులో అది మనిషితో పాటు ఒరగదు, మనిషినే పక్కకు విసురుతుంది. తాత ప్రతి గుంతకూ మూలిగేవాడు, ప్రతి మూలుగుకూ ఒక తిట్టు. తిట్లన్నీ బండి చేసిన అప్పలరాజుకే. మెయిన్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న ఆ అప్పలరాజు పనితీరే వేరు. కొలిచే సాధనం ఏదీ వాడేవాడు కాదు. తాతను ముందు కూర్చోబెట్టి, తను వెనక ఎక్కి, రాళ్ళు తేలిన ఒక సందు చివరిదాకా నడిపించి, తాత ఎక్కడ మూలిగాడో గుర్తుపెట్టుకుని, తిరిగొచ్చి ఆ మేరకు మార్చేవాడు. టైర్లలో గాలి కొంచెం తీశాడు. ఆటో స్ప్రింగులు మార్చాడు. సీటు విప్పి కొబ్బరి పీచు మీద స్పాంజి, స్పాంజి మీద మళ్ళీ పీచు పరిచాడు. ముసలాయన మూలగకుండా సందు దాటిన రోజు పని అయిపోయినట్టు.

ఆ రోజు రానే వచ్చింది. సందు ఈ చివరి నుంచి ఆ చివరికి తాత నోట్లోంచి చిన్న శబ్దం రాలేదు.

"సూసినావేటి మావా, నా సెయ్యి!" అన్నాడు అప్పలరాజు చేతులు తుడుచుకుంటూ.

"ఒరే, ఏటీ తెలవట్నేదురా. సముద్రం పడుకున్నట్టు ఎల్తన్నాది" అన్నాడు తాత.

వాడలో ఈ సంగతి పండగైంది. నడుం నొప్పులున్న ముసలివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ సీటు నొక్కి చూసి వెళ్ళారు. నేను ఒక్కదాన్నే ఆ మర్నాడు గంపల మధ్య కూర్చుని, పళ్ళు పళ్ళకు కొట్టుకుంటుంటే, పెట్టె అంచు రెండు చేతులా పట్టుకుని, ఇదేమిటి అనుకున్నాను. బండి ముందు ఎలా ఉందో అలాగే ఉంది. నాకు తగిలిన గుంత ఆయనకు తగలడం లేదు. నేను ఎగిరిపడుతుంటే నా ముందున్న వీపు నిశ్చలంగా, బొమ్మలా ఉంది. ఒకే బండి మీద ఇద్దరం రెండు వేరే దారుల్లో పోతున్నట్టు, ఆయన దారిలో రాళ్ళు లేనట్టు ఉండేది.

"అమ్మమ్మా, బండి ఇంకా గెంతుతన్నాది" అన్నాను.

"ముసిలోడి నడుముకి నేని బాద నీకెక్కడినుంచొచ్చిందే?" అని ఆమె నా నోట్లో తాటిముంజ పెట్టింది.

రెండు మూడు రోజుల తర్వాత, ఎండ వాలే వేళ, నేను అరుగు మీద గవ్వలు ఆడుకుంటున్నాను. ఇంట్లో ఇంకెవరూ లేరు. తాత లోపలి నుంచి వాకిట్లోకి వచ్చి, నేల వంక చూసి, "ఎవల్దే ఈ రగతం?" అన్నాడు. సిమెంటు గచ్చు మీద మందారపు రేకంత ఎర్రటి మరకలు, అడుగు విడిచి అడుగు, వంటింటి నుంచి వాకిలి దాకా ఉన్నాయి. "ఎవులికో కాలు తెగిపోనాది, సూడు" అంటూ ఆయన ఆ మరకల వెంట లోపలికి వెళ్ళాడు. ఆయన నడిచిన మేరా కొత్త మరకలు పడుతున్నాయి. గదులన్నీ తిరిగి, గాయపడ్డ మనిషి ఎక్కడా కనపడక మళ్ళీ నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నేను వేలుతో ఆయన కుడి పాదం చూపించాను. ఆల్చిప్ప ముక్క ఒకటి అరికాల్లో సగం దాకా దిగి ఉంది.

ఆయన అరుగు మీద కూర్చుని దాన్ని పీకి పక్కన పెట్టాడు.

"నా కాళ్ళ కింద ఏటీ నేదే తల్లీ. ఇసక నేదు, సిమెంటు నేదు. ఏటీ నేని సోట నడుత్తన్నాను." తర్వాత నా గడ్డం పట్టుకుని, "ఎవులికీ సెప్పకు. సముద్రం మానిపించేసినారు, బండీ తీసేత్తారు. తీసేత్తే నానేటి సేత్తాను, సెప్పు?"

నేను తల ఊపాను. ఇద్దరం కలిసి తడిగుడ్డతో గచ్చు తుడిచాం.

ఆ తర్వాత వారం రోజులు బండి ఎక్కాలంటే నాకు భయం వేసేది. అయినా ఎక్కేదాన్ని. ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. ఆయన కుడి పాదం బ్రేకు మీద ఉందా లేదా అని గంపల సందులోంచి చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నిసార్లు పెడలు పక్కన గాలిలో ఉండేది. ఆయన దాన్ని గాలిలోనే గట్టిగా నొక్కేవాడు.

గంగమ్మ పండగకు రెండు రోజుల ముందు సాయంత్రం, ఖాళీ గంపలతో ఒడ్డు దారిన ఇంటికి వస్తున్నాం. బోర్లించిన పడవ పక్కన తాత తమ్ముడు, మా చిన్నతాత, కాళ్ళు చాపుకుని వల కుడుతున్నాడు. వల ఒక అంచు దారి మీదికి పరుచుకుని ఉంది. వల కనపడితే ఏ బండైనా ఆగాలి, కుట్టేవాళ్ళు దాన్ని మడిచాకే కదలాలి. అక్కడ అందరూ పాటించే పద్ధతి అది, మా తాతే ఎందరినో తిట్టి ఆపించిన పద్ధతి. ఆ రోజు కూడా ఆయన ఆపాడు. అంటే ఆపాననుకున్నాడు, కాలు అయితే నొక్కింది. బండి మాత్రం నెమ్మదిగా వల మీదికి ఎక్కింది. ఎడమ వెనక చక్రం దాన్ని పట్టుకున్నప్పుడు గాలానికి చేప పడ్డట్టు ఒక లాగుడు నా వెన్నులోకి వచ్చింది. ఆయనకు రాలేదు. చిన్నతాత చెయ్యెత్తి దారిచ్చాడనుకున్నాడేమో, ముందుకు పోనిచ్చాడు.

వెనక్కి తిరిగి చూశాను. ఇసుక మీద పడి ఉన్న వల మెల్లగా లేచి, బారుగా సాగి, చప్పుడు లేకుండా మా వెంట రావడం మొదలుపెట్టింది. దాని చివర చిన్నతాత వస్తున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, వల బొటనవేలికి తగిలి ఉన్న కాలు ముందుకు చాపి, రెండు చేతులూ ఇసుకలో దిగేసి, నోరు తెరుచుకుని వస్తున్నాడు. అరుపు రాలేదో, ఇంజను మోతలో నాకే వినపడలేదో ఇప్పటికీ తెలియదు. నేను తాత వీపు మీద పిడికిళ్ళతో బాదాను. "ఏటే, గంతులేత్తన్నావు" అని ఆయన నవ్వాడు. వల ఇరుసుకు చుట్టుకుని, ఇంజను దగ్గి, దానంతటదే ఆగిపోయింది.

"ఏటి, ఆగిపోనాది?" అన్నాడు తాత, ముందుకే చూస్తూ.

చిన్నతాత బొటనవేలు దక్కలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని, తన ముందు తల వంచుకుని కూర్చున్న తాతతో, "నా ఏలు ఇయాల ఎల్లిపోనాదన్నా. నీ కాలు ఎప్పుడో ఎల్లిపోనాది, నువ్వే సూసుకోనేదు" అన్నాడు. అప్పుడు తాతను తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే కాళ్ళ స్పర్శను తినేసిన షుగరు బయటపడింది. బండి మెత్తబడింది తన సీటు వల్ల కాదని తెలిసి అప్పలరాజు చాలా చిన్నబుచ్చుకున్నాడు. అందరూ అందరినీ ఏదో ఒకటి అడిగారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నేను చెప్పనూ లేదు. పండగనాడు అమ్మమ్మ చేసిన బూరెలు గుమ్మం చాటుకు వెళ్ళి ఉమ్మేశాను.

ఇప్పుడు ఆ ఒడ్డు దారి సిమెంటు రోడ్డయింది. తెప్పలు దాదాపు పోయాయి, ఫైబరు పడవలు వచ్చాయి. దారికి అడ్డంగా వల పరిచి కూర్చునే మనిషి కోసం బండ్లు ఆగడం నేను చూసి చాలా ఏళ్ళయింది. తాత పోయాడు, చిన్నతాత పోయాడు. ఎవరూ ముట్టుకోని ఆ బండి ఇసుకలో కూరుకుపోయి, తర్వాత ఒక తుఫానులో పెట్టెతో సహా కనపడకుండా పోయింది. వేసవిలో ఒకటి రెండుసార్లు పిల్లలను భీమిలి తీసుకెళ్తే వాళ్ళు నీళ్ళలో ఆడుకుంటారు, నేను వాళ్ళ పాదాలు చూస్తూ కూర్చుంటాను.

పై మాటలు రాత్రి రాశాను. మిగిలింది ఈ పొద్దున జరిగింది. ఏడున్నరకు మావయ్యగారు నాకంటే ముందే కిందికి దిగి, బండి తుడిచి, స్టార్టు చేసి హారన్ కొట్టారు. పిల్లలు స్కూలు సంచులు తగిలించుకుని గుమ్మం దాటబోతుంటే తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇవాళ మీరు తాతయ్య బండి ఎక్కొద్దు. తాతయ్య కాళ్ళకు ఏమీ తెలియడం లేదు. డాక్టరు చూసేదాకా ఆయన కూడా నడపరు" అన్నాను.

కింద హారన్ మళ్ళీ మోగింది.

"తాతయ్యకి కోపం వస్తుందమ్మా" అంది పెద్దది. చిన్నవాడు, "పాపం, ఏడుస్తారేమో" అన్నాడు.

"కోపం వస్తుంది. ఏడ్చినా ఏడుస్తారు. నేను ముందు దిగి చెప్తాను, మీరు నా వెనక రండి. ఎవరు చెప్పారని మిమ్మల్ని ఎప్పుడు అడిగినా, అమ్మే చెప్పిందని చెప్పండి" అన్నాను.