మామగారి మెత్తని గొంతు

మొన్న మధ్యాహ్నం మా మనవరాలు కాలేజీలో పాఠంగా పెట్టిన ఇంగ్లీషు కథ ఒకటి నాకు తెలుగులో చెప్పింది. మంచూ పొగా కమ్ముకున్న పట్నంలో ఒక డాక్టరు, పెద్దమనిషి. ఏదో మందు తాగి వేరే మనిషైపోయి, వీధిలో పసిపిల్లను తొక్కుకుంటూ పోతాడట. ఒక ముసలాయన్ని చేతికర్రతో కొట్టి చంపుతాడట. "భయం వెయ్యలేదా నాన్నమ్మా?" అంది. మందు సంగతి విన్నాక భయం తగ్గిపోయిందన్నాను. నేనెరిగిన పెద్దమనిషి మజ్జిగ తప్ప ఏమీ తాగేవారు కాదు.

ఆయన మా మామగారు. యుద్ధానికి చాలా ముందు, ఇరవైల దశకంలో నేను పెళ్లై రంగూను వెళ్లేసరికి, చిమిండైంగ్ అనే పేటలో ఏటి ఒడ్డునున్న ఒక బియ్యం మిల్లులో ఆయన మేస్త్రీ. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీలంతా ఆయన చేతి కిందే. ఇంట్లో ఎవరినీ గొంతెత్తి పిలిచి ఎరగరు. వెళ్లిన కొత్తలో నాకు చలిజ్వరం తగిలితే, తనే మిరియాల కషాయం కాచి, "గాటుగుంటాదమ్మా, ఒక్క గుక్కలో మింగీ" అని పక్కన కూర్చుని తాగించారు. మా నాన్న కూడా నాకలా చెయ్యలేదు. మా వీధిలోని బర్మావాళ్లు సైతం ఆయన ఎదురైతే ఆగి పలకరించి మరీ పోయేవారు.

ఒకనాడు అత్తగారికి ఒంట్లో బాగోక, మామగారి క్యారేజీ నేనే పట్టుకెళ్లాను. తోడుగా పక్కింటి బర్మా ఆవిడ వచ్చింది. మిల్లు ఆవరణంతా ఊక దుమ్ము. బస్తాల చాటున మామగారు ఒకణ్ని బెత్తంతో కొడుతున్నారు. వాడు నేనొచ్చిన ఓడలోనే వచ్చినవాడు, మా పుట్టింటి ఊరివాడు, నన్ను సెల్లెమ్మా అని పిలిచేవాడు. జ్వరంతో బస్తా మీద కూలబడ్డాడట, అదీ నేరం. మామగారి ముఖంలో కోపం లేదు. తొందరా లేదు. వాడు అడ్డం పెట్టుకున్న చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయనకీ వినిపించే ఉంటుంది, అయినా ఆపలేదు. నేను "మావగారూ" అన్నాను. ఆయన తిరిగి చూసి, కండువా సర్దుకుని, "ఎండన పడి నువ్వేటికొచ్చేవమ్మా" అన్నారు. నాకు కషాయం తాగించిన గొంతే అది. చేతులు కడుక్కుని అక్కడే అన్నానికి కూర్చున్నారు. వాడు ఆ పక్కనే మూలుగుతూంటే, పులుసు బాగుందని మారు అడిగారు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. చొక్కా విప్పి వీపు చూపించాడు. ఆ మచ్చలు నేనెరగనివి కావు. "సెట్టు మీంచి పడ్డానని సెప్పేను గదా. పడనేదు" అన్నాడు.

మర్నాడు పక్కింటావిడా నేనూ ఎముకలు కట్టే బర్మా వైద్యుణ్ని కూలీల పాకకు తీసుకెళ్లాం. వాడు పళ్లు బిగించి కట్టు కట్టించుకున్నాడు. "సెల్లెమ్మా, నువ్వెల్లిపో. ఆయనకి తెలిస్తే నన్నిక్కడుండనివ్వడు" అన్నాడు. తెలియనే తెలిసింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర మామగారు, "ఆడి సెయ్యెలాగున్నాదమ్మా?" అని అడిగారు. ఆ గొంతులో ఉన్నది జాలేనని ఈనాటికీ అంటాను. కట్టు బాగా కుదిరిందని చెప్పాను. తెల్లారాక వాణ్ని పాకలోంచి గెంటించారు. గెంటించే ముందు తనే దగ్గర కూర్చుని, ఆ కట్టు మెల్లగా విప్పి, లోపలి వెదురు బద్దలు ఒక్కొక్కటీ తీసి ఏట్లో పడేశారట. వాడు పడవెక్కి ఏటికి అవతలనున్న దలా వైపు పోయాడని విన్నాం. ఆ తరవాత ఎవరికీ కనిపించలేదు. నేను పుట్టింటికి వెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ వచ్చి, "మా వోడు కనబడ్డాడా అమ్మా" అని అడిగేది.

మామగారు ఆ తరవాత చాలా ఏళ్లు బతికి, ఏ నొప్పీ తెలియకుండా నిద్రలోనే పోయారు. వీధి వీధంతా పూలతో కదిలొచ్చింది. పక్కింటావిడ మాత్రం గుమ్మం దిగలేదు. నేను ఏడ్చాను, ఆయన సొంత కూతుళ్లకన్నా ఎక్కువగా ఏడ్చాను. ఇప్పుడు ఆయన పోయిననాటి వయసు నాకూ దాటిపోయింది. ఆయన్ని అసహ్యించుకోవడానికి ఈ ఏళ్లన్నీ సరిపోయాయి. ఆ రోజు ఎందుకు ఏడ్చానో తెలుసుకోవడానికే ఇంకా చాల్లేదు.