అక్క డెమో క్లాసు, నా చేతి సైగ

మా సరోజక్కకు రాబోయే ఉద్యోగాన్ని ఒక్క వేలితో ఎలా పోగొట్టానో చెబుతాను, నవ్వుకోండి. ఒకటే షరతు. తప్పు అక్కది కాదని చివర్లో ఒప్పుకోవాలి. "సరోజ డెమో క్లాసులో భయపడ్డది" అనే మాట మా బంధువుల్లో ఇప్పటికీ తిరుగుతోంది.

ఎనభైల చివర. మా ఇల్లు నాచారంలో. నేను డిగ్రీ చదువుతున్నాను. ఇంగ్లీషు వాక్యాల్లో రకాలు అప్పుడే కొత్తగా తలకెక్కాయి. కొత్త సైకిలు కొన్నవాడు అవసరం లేకపోయినా బెల్లు కొట్టినట్టు, ఎవరు నోరు తెరిచినా అది సింపులా, కాంపౌండా, కాంప్లెక్సా అని తేల్చేవాణ్ణి. పాలాయన్ని కూడా వదల్లేదు.

అక్క చదువు ఇంటర్ దగ్గర ఆగిపోయింది. టీచరైతే ఆ జీతంతో ప్రైవేటుగా డిగ్రీ కట్టాలని ఆమె ఆశ. ఉప్పల్లో, అద్దె ఇంట్లో నడిచే ఒక ఇంగ్లీషు మీడియం బడి నుంచి పిలుపొచ్చింది. ముందు డెమో క్లాసు. పిల్లలకు పాఠం చెబుతుంటే హెడ్మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని చూస్తుంది.

"తమ్మీ, ఎట్ల మాట్లాడాల్నో జర నేర్పియ్యిరా."

"సింపుల్ సెంటెన్సు మాట్లాడినవో, అయిపోయినట్టే అక్కా. అది చిన్నపిల్లల భాష."

"నేను చెప్పేది చిన్నపిల్లలకే గదరా?"

నేను గొంతు పెంచాను. "చదువుకున్నోళ్లు కాంప్లెక్స్‌లనే మాట్లాడుతరు. ముందు ఇఫ్ అను, నడుమ విచ్ వెయ్యి, అసలు సంగతి ఆఖరుకు చెప్పు. నేను కిటికీ బయట నిలబడి వేలు కొక్కెంలెక్క వంచితే ఇంకో ముక్క తగిలియ్యాలె. ఫికర్ చెయ్యకు."

పాపం, నమ్మింది.

ఆ రోజు అక్క ఇస్త్రీ చీర కట్టుకుని రంగుల పేర్లు హాయిగా చెబుతోంది. పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఇంతలో ముందు వరసలో ఒక బుడ్డోడు లేచి చిటికెన వేలు చూపించాడు.

"గో," అంది అక్క.

నా ప్రాణం విలవిల్లాడింది. ఒకే ఒక్క మాట! అదీ హెడ్మిస్ట్రెస్ ముందు! వేలు వంచి, బావిలో పడ్డ బకెట్టును పైకి లాగుతున్నట్టు ఊపాను.

అక్క నన్ను చూసింది. తలుపు దాకా వెళ్లిన పిల్లవాణ్ణి ఆపింది.

"ఇఫ్ యు వాంట్ టు గో టు ద బాత్రూమ్..."

మళ్లీ కొక్కెం.

"విచ్ ఈజ్ బిహైండ్ ద ఆఫీస్ రూమ్..."

మళ్లీ కొక్కెం.

"ఆఫ్టర్ యు క్లోజ్ యువర్ బుక్..."

వాడు కాళ్లు పెనవేసుకుని, గుడి తలుపులు తెరుస్తారని నిలబడ్డ భక్తుడిలా ఆమె నోటివంకే చూస్తున్నాడు. "యు మే..." అనేసరికి నేల తడిసింది.

అక్క ఇంగ్లీషు వదిలేసింది. "ఏం గాదు బిడ్డా, ఏం గాదు," అంటూ వాణ్ణి దగ్గరికి తీసుకుని, ఆ ఇస్త్రీ కొంగుతోనే తుడిచింది.

"పొమ్మన్నవు గదమ్మా, మళ్ల ఎందుకు ఆపినవు?" అంది హెడ్మిస్ట్రెస్.

అక్క కిటికీ వైపు చూడనైనా లేదు. "నాకే తోచలే మేడం."

ఉద్యోగం రాలేదు. అక్క డిగ్రీ మరో ఏడాది వెనక్కిపోయింది. "భయపడ్డదా?" అని నాన్న అడిగితే తలూపిన మహానుభావుణ్ణి నేనే.

అయితే అంతకుముందే, బడి నుంచి తిరిగొస్తుంటే నాచారం దారిలో ఒక సంగతి జరిగింది. నడుస్తూ నడుస్తూ అక్క ఆగిపోయింది. ఏడుస్తుందేమోనని నేను తల దించుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, అది ఏం తుడిచిన కొంగో గుర్తొచ్చి వదిలేసి, రోడ్డు మీదే పగలబడి నవ్వింది.

"నీ వాక్యం అయ్యేలోపట వాని పని అయిపాయె గదరా తమ్మీ!"

కాబట్టి బంధుమిత్రులారా, సరోజక్క భయపడలేదు. మొదటిసారే సరిగ్గా చెప్పింది. తమ్ముణ్ణి నమ్మడమే ఆమె చేసిన పొరపాటు. ఇకపై ఏ పసివాడు చిటికెన వేలెత్తినా వ్యాకరణం ఊసెత్తనని, నోరు మూసుకుని తలుపు తీసి పక్కకు తప్పుకుంటానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.