ఎదురుగా వచ్చిన గద్ద

గావ్ చింగ్-షుయ్ అన్న ముప్పై ఏళ్ళు గ్యాస్ బండలు మోశాడు. లిఫ్టు లేని ఇల్లు కానీ, ఐదో అంతస్తు కానీ, వాన కానీ, భుజం మీద బండ పెట్టుకుని ఎక్కేసేవాడు. రిటైరయ్యాక భుజం ఖాళీగా ఉంటే తోచలేదు కాబోలు, దాదాపు ఆ బండంత కెమెరా లెన్సు ఒకటి కొని ఎత్తుకున్నాడు. మా నది ఒడ్డున దాన్ని లెన్సు అనరు, ఫిరంగి అంటారు. మేం చేసేదాన్ని ఫోటోలు తియ్యడం అనరు, పిట్టల్ని కొట్టడం అంటారు. మా ఇళ్ళలో ఆడవాళ్ళు దానికి ఇంకో పేరు పెట్టారు గానీ అది రాసే మాట కాదు.

చలికాలం వస్తే తైపేకి దక్షిణాన నది వంపు తిరిగే చోట నలభై ఫిరంగులు మూడేసి కాళ్ళ మీద నిలబడి నీళ్ళకేసి చూస్తుంటాయి. చేపల గద్ద వచ్చి, నీళ్ళలోకి దూకి, చేపని ఎత్తుకుని లేచిపోతుంది. కన్ను మూసి తెరిచేంత పని. దానికోసం పొద్దున్నించి అన్నం ముద్దలు తింటూ, సోయా పాలు తాగుతూ, ప్రభుత్వాన్ని తిడుతూ కూర్చుంటాం. నేను స్కూలు బస్సు నడిపి రిటైరైనవాణ్ణి, పేరు అ-కున్. నా ఫిరంగి చింగ్-షుయ్ అన్న ఫిరంగి పక్కనే ఉంటుంది.

అన్నకి కావాల్సింది ఒక్కటే ఫోటో. గద్ద చేపతో సహా నీళ్ళలోంచి లేస్తూ సూటిగా ఆయనకేసి రావాలి. రెక్కలు పైకెత్తి ఉండాలి, రెండు కళ్ళూ కనబడాలి. పక్షి గాలికి ఎదురుగా లేస్తుంది. మాకు గాలి ఎప్పుడూ అవతలి గట్టు మీదనుంచే వస్తుంది. అందుకని పన్నెండేళ్ళుగా అది ఆయనకి వీపే చూపించింది. గద్ద వీపు ఆయనకి తెలిసినంత గద్ద పెళ్ళానికి కూడా తెలీదు. అవతలి గట్టుకి పోరాదా అంటే, అక్కడ ఎండ కళ్ళలో పడుతుందనేవాడు.

ఈ చలికాలం మొదట్లో డాక్టరు ఆయన గుండెలో కవాటం పాడైందన్నాడు. కొత్త సంవత్సరం పండగ కాగానే ఆపరేషన్. ఆ తర్వాత టీ కెటిల్ కంటే బరువైంది ఎత్తకూడదు. అంటే ఫిరంగికి ఇదే ఆఖరి చలికాలం. ఆ సంగతి ఒడ్డున అందరికీ తెలుసు, ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆయన భార్య బావ్-జు వదినకీ తెలుసు. ఆవిడ ఆయన ఫోటోలు చూడడం ఎప్పుడో మానేసింది. కొత్తది చూపించబోతే "నిన్నటి గద్దే కదా" అని కూర తరుక్కునేది.

పండక్కి కాస్త ముందు ఒకనాడు గాలి తిరిగింది. అన్న స్కూటర్ దిగి, ఫిరంగి నిలబెట్టి, కాసేపు కదలకుండా నిలబడ్డాడు.

"అ-కున్, నీకు వీపుకి చలేస్తోందా?"

"వేస్తోంది అన్నా."

"నాకూ వేస్తోంది," అన్నాడు. ఇంక ఆ పొద్దు ఇద్దరం అన్నం ముద్ద ముట్టలేదు.

గద్ద వచ్చింది. ఎవరో కేకేశారు. అది నీళ్ళలో పడింది, లేచింది, మా మొహాల మీదికే వచ్చింది. గుడి ఊరేగింపులో టపాకాయల పేట అంటించినట్టు నలభై ఫిరంగులూ మోగాయి. ఆ వెంటనే నలభై తలలూ కిందికి వంగాయి. అది మా అలవాటు. గద్ద లేచిన మరుక్షణం ఎవరు తీసింది వాళ్ళు తెర మీద చూసుకుంటారు. దారిన పోయేవాళ్ళు చూసి, ఎవరో చచ్చిపోయారు, వీళ్ళు మౌనం పాటిస్తున్నారనుకుంటారు.

నా తెర మీద గద్ద సగమే ఉంది. తల వంచి అన్న తెర చూశాను. రెక్కలు రెండూ పైకి ఉన్నాయి. కళ్ళు రెండూ ఆయనకేసే చూస్తున్నాయి. చుట్టూ నీటి బొట్లు గాల్లో ఆగి ఉన్నాయి. అన్న కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"గాలి," అన్నాడు.

గాలి మన వెనకనుంచి కదా అని నేను అనలేదు.

జనం మూగారు. అందరికంటే ముందు బ్యాంకు మేనేజరుగా చేసిన లియావ్ దూరాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకే రకం.

"ఏంటన్నా, చేప ఎర్రగా ఉంది? మన నదిలో ఎర్ర చేపలెక్కడివి? ఎవరింటి తొట్టి ఖాళీ చేశావు?"

నిజమే. గోళ్ళ మధ్య ఉన్నది తొట్టిలో పెంచుకునే ఎర్ర చేప. గద్ద కోసం నీళ్ళలో చేపల్ని వదలడం మా ఒడ్డున దొంగతనం కంటే పెద్ద తప్పు. అలా చేసినవాళ్ళని తిట్టి తరిమేసేది కూడా ఇన్నాళ్ళూ చింగ్-షుయ్ అన్నే.

"ముప్పై ఏళ్ళలో ఒక్క బండలో పిసరు గ్యాస్ తగ్గనివ్వలేదురా!" అని అరిచాడు అన్న. "నేనా ఎర వేసేది?"

ఆయన మొహం నల్లబడింది. గుండె జబ్బు మనిషి, ఎందుకొచ్చిన గొడవని నేనే ఫిరంగి ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాను. నాలుగు అంతస్తులు ఎక్కేసరికి నా గుండె కూడా పాడైందనిపించింది.

వదిన చిలగడదుంప ఆకు ఒలుస్తోంది. అన్న కెమెరా ఆవిడ ముందు పెట్టాడు. "ఇది చూడాల్సిందే. ఒక్కటి. ఇంక జన్మలో అడగను."

వదిన చెయ్యి తుడుచుకుని చూసింది. చాలాసేపే చూసింది.

"నుదుట ఆ తెల్ల మచ్చ ఏంటి?"

"మచ్చేంటి, గద్దకి తలంతా తెలుపే..."

"గద్ద సంగతి ఎవడికి కావాలి?" అంటూ వదిన కుర్చీలో కూలబడింది. "అది నా చేప."

అప్పుడు చెప్పింది. ఆపరేషన్ భయంతో గుడికెళ్ళి అమ్మవారి ముందు జోస్యం చెక్కలు వేసి అడిగిందట. ఆయన ప్రాణం నిలవాలంటే బతికున్న ప్రాణిని ఒకదాన్ని స్వేచ్ఛగా వదిలెయ్యమని వచ్చిందట. బజారులో అన్నిటికంటే హుషారుగా ఉన్న చేపని ఏరి, నుదుట మచ్చ ఉంటే శుభమని, ముందురోజు పొద్దున తీసుకెళ్ళి ఆయన పేరు చెప్పి నదిలో వదిలింది. మా వంపుకి కాస్త ఎగువన.

"అక్కడే ఎందుకు వదిలావే?"

"నువ్వేగా రోజూ చెప్పేది! ఆ నీళ్ళలాంటి నీళ్ళు లేవు, చేపలకి కొదవ లేదని!"

వదిన నాకేసి తిరిగింది.

"తర్వాత ఏమైంది?"

"దేని తర్వాత, వదినా?"

"దీని తర్వాత. గద్ద పట్టు జారిపోయిందా, ఎత్తుకుపోయిందా? జారిపోతుంటాయని ఈయనే అంటాడుగా."

మేం ఇద్దరం మొహాలు చూసుకున్నాం. "మేం తెర చూసుకుంటున్నాం," అన్నాడు అన్న.

"పన్నెండేళ్ళు ఆకాశంలోకి నోరు తెరుచుకుని చూశావు," అంది వదిన. "చూడాల్సినప్పుడు నేలకేసి చూశావా, ముసలాడా!"

తిడుతోంది గానీ ఆకు చెత్తలోకీ కాడలు గిన్నెలోకీ వేస్తోంది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా భయమేసింది, దాచేదేముంది.

మర్నాడు ఒడ్డుకెళ్ళి అందర్నీ అడిగాను, లియావ్‌తో సహా. నలభై మంది దగ్గరా వస్తున్న గద్ద ఉంది, వెళ్ళిపోతున్న గద్ద ఒక్కరి దగ్గరా లేదు. వీపు తప్ప ఇంకేమీ దొరకని ఒడ్డున ఆ ఒక్క రోజే వీపు కరువైంది. చేప సంగతి విని లియావ్ కూడా ఈకలు పీకలేదు. "నేను ఏమీ అనలేదనుకోమని అన్నకి చెప్పు," అన్నాడు.

సాయంత్రం వదిన దగ్గరికి వెళ్ళాను.

"జారిపోయింది వదినా. నా కళ్ళతో చూశాను."

"ఫోటో ఉందా?"

"లేదు. ఊరికే చూశాను."

"అ-కున్," అంది వదిన, "మీ ఒడ్డున ఊరికే చూసే మగాడు ఉన్నాడంటే నేను నమ్మాలా?" అని నా చేతిలో టీ నీళ్ళలో ఉడికించిన గుడ్డు ఒకటి పెట్టి పంపేసింది.

అన్న ఆ ఫోటో చెరిపేస్తానన్నాడు. వదిన ఒప్పుకోలేదు. "చెరిపితే చేప వస్తుందా? ఉండనీ," అంది.

ఆపరేషన్ రోజు వదిన పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా వరండాలో కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పొద్దు వాలాక డాక్టరు బయటికొచ్చి బాగానే జరిగిందన్నాడు. వదిన ఆయనకి వంగి వంగి దండాలు పెట్టి, నా దగ్గరికొచ్చి కూర్చుని, "అయితే ఆ చేప పోయినట్టే," అంది. "ఈయన బదులు అది పోయింది." అని అప్పుడు ఏడ్చింది.

అన్న ఇంటికి రాకముందే ఆవిడ ఆ ఫోటోని స్టూడియోకి పట్టుకెళ్ళి తలుపంత పెద్దది చేయించి, దేవుడి బల్ల పక్క గోడకి పెట్టించింది. అన్నతో పాటు మెట్లెక్కి నేనూ చూశాను. ఎర్ర చేప ఉంది. నుదుట మచ్చ ఉంది. నీటి బొట్లు ఉన్నాయి. రెండు పాదాల గోళ్ళు ఉన్నాయి. పైన ఇంకేం లేదు.

"గద్దేది?" అన్నాను.

"కోయించేశా. చంపినదాన్ని ఇంట్లో పెట్టుకుంటానా?"

ఆ కళ్ళ కోసం, ఆ రెక్కల కోసం ఈ మనిషి ఎన్ని చలికాలాలు నిలబడ్డాడో నాకు తెలుసు. అన్న అరుస్తాడనుకున్నాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు. "పొలుసులు లెక్కపెట్టొచ్చు," అన్నాడు.

వదిన మూడు అగరొత్తులు వెలిగించి ఆయన చేతిలో పెట్టింది. "మొక్కు." ఆయన మొక్కాడు. ఆవిడ పక్కన నిలబడి తనూ మొక్కి, ఆ ఫోటోని పైనుంచి కిందిదాకా ఇంకోసారి చూసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

నేను ఆయన చెవి దగ్గర మెల్లగా అన్నాను, "అసలుది కెమెరాలో ఉందిగా అన్నా. గద్దతో సహా ఇంకోటి వేయించి నీ గదిలో పెట్టుకో. వదినతో నేను మాట్లాడతా."

"నోర్ముయ్," అన్నాడు అన్న, వంటింటి వైపు చూసి. "నా ఫోటోని మీ వదిన ఇంక రోజూ చూస్తుందిరా."