ఒకటి తెస్తే ఇంకొకటి అడిగేది

బస్సు కామారెడ్డి బస్టాండులో ఆగాక అందరూ దిగారట. నా బిడ్డ దిగలేదు. కిటికీకి తల ఆనించి కూర్చుని ఉందట. ఒడిలో సంచి, సంచి మీద రెండు చేతులు. నిద్రపోయిందనుకుని కండక్టరు పిలిచాడు, మళ్లీ పిలిచాడు. తర్వాత సంచిలో మోగుతున్న ఫోను తీసి చూశాడు. అవ్వ అని పేరు పడుతోంది. మా దిక్కు అమ్మను అవ్వ అనే అంటారు. పొద్దు వాలుతోంది, ఇంకా రాలేదేమని చేస్తున్నది నేనే.

"అమ్మా, మీ బిడ్డ ఎల్లారెడ్డి బస్సుల ఉన్నది. లేస్తలేదు. జర జల్ది రాండ్రి," అన్నాడు.

లేస్తలేదు అన్నాడు గాని పోయింది అనలేదు. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఉరికిపోయి, బస్సెక్కి, చెయ్యి పట్టుకుని నేనే తెలుసుకున్నాను.

ఇది చదివే మీలో చాలామందికి ఆమె మేడం. ఎల్లారెడ్డిలో ఆడపిల్లల బడిలో కంప్యూటరు నేర్పేది. ఆ పిల్లలే వచ్చి, మేడం గురించి నువ్వే రాయాలని పట్టుబట్టారు. నేను చదివింది ఐదో తరగతి వరకే. చేసేది బీడీల పని. తప్పులుంటే దిద్దుకుంటామన్నారు కాబట్టి రాస్తున్నాను.

వాళ్ల బాపు, అంటే మా ఆయన, ఆమె చిన్నతనంలోనే పోయాడు. మేమిద్దరమే. ఆమె చిన్నప్పటి నుంచి నా పక్కన కూర్చుని బీడీలకు దారం చుడుతూ చదువుకుంది. రెండువేల పదిలో ఆ కొలువు దొరికింది. రోజూ పొద్దున కామారెడ్డిలో బస్సెక్కి తాడ్వాయి మీదుగా ఎల్లారెడ్డి పోవడం, సాయంత్రం అదే దారిలో రావడం. మొదటి వారం ఇంటికొచ్చి ఒకటే నవ్వు.

బడిలో ఇచ్చిన కంప్యూటర్లను నడిపేది లినక్స్ అట. ఊళ్లో నెట్ సెంటర్లలో పిల్లలు చూసింది వేరేదట. అక్కడి అలవాటు కొద్దీ ఎక్కడెక్కడివో సీడీలు తెచ్చి పెట్టి, బొమ్మ మీద టకటకా నొక్కేవాళ్లట. ఏమీ అయ్యేది కాదు.

"మేడం, ఇది ఖరాబైంది, వాపసు పంపుండ్రి," అనేవాళ్లట.

"ఖరాబు కాలే. ఇది ఎవరు పడితె వాళ్లు తెచ్చింది మింగది. ఏం కావాల్నో నోరు తెరిచి అడగాలె. అదే పోయి తెచ్చుకుంటది," అని చెప్పేదట.

"గంత బుద్ధి మా ఇంట్ల ఎవ్వరికి లేదు మేడం," అని ఒక పిల్ల అంటే తరగతంతా నవ్వారట. ఆ మాట చెప్పి ఇంట్లో తనూ పడీ పడీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగి, రొమ్ము మీద అరచెయ్యి పెట్టుకుంది. నవ్వు ఎక్కువైందేమో అనుకున్నాము.

ఒకసారి ఆమె వెంట నేనూ బడికి పోయాను. కంప్యూటర్ల గది చిన్నది, కిటికీలకు పాత చీరలు కట్టి ఉన్నాయి. ఒక పిల్ల ముందు తెరంతా నల్లగా ఉంది. అందులో ఏదైనా కొత్తది ఎక్కించాలంటే ముందు ఒక రహస్యపు మాట కొట్టాలట. ఆ పిల్ల కొడుతోంది, ఆగుతోంది, మళ్లీ కొడుతోంది. ఏడుపు మొహం పెట్టింది.

"మేడం, ఎంత కొట్టినా ఒక్క అక్షరం గూడ పడ్తలేదు. కీబోర్డు సచ్చింది."

"సావలేదు. నువ్వు కొట్టు. కనబడకుంటె పడలేదని కాదు. లోపల పడుతనే ఉంటది."

"చుక్కలన్న రావాలె గద మేడం?"

"చుక్క గూడ రాదు. లోపల ఎన్ని పడ్డయో బయటోళ్లకు తెల్వొద్దని."

పిల్ల కళ్లు మూసుకుని కొట్టేసింది. నల్లటి తెర మీద గీతల్లా అక్షరాలు పరుగెత్తాయి. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆ మాటనే మనసులో మళ్లీ అనుకున్నాను. లోపల పడుతూనే ఉంటుంది.

ఎందుకంటే అప్పటికే నేను కొన్ని చూస్తున్నాను. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సవరించుకునేది. చెప్పు కొత్తది, దానికేమీ కాలేదు. పడుకునేటప్పుడు ఒక తలగడ చాలేది కాదు, బొంత మడిచి దాని కింద పెట్టుకునేది. సాయంత్రానికి పాదాల మీద చెప్పు పట్టీల అచ్చు లోతుగా పడి ఉండేది. అడిగితే, "బస్సుల నిలబడి వచ్చిన అవ్వా," అనేది.

చిన్నప్పుడు ఆమెకు గొంతు నొప్పితో జ్వరం వచ్చి మోకాళ్లు వాచాయి. తగ్గిపోయింది. తగ్గిపోయిందనే అందరం అనుకున్నాము. ఆ జ్వరం మోకాళ్లను వదిలి గుండెను పట్టుకుందని, గుండెలో ఉండే తలుపును ఏళ్ల తరబడి కొరుకుతూ వచ్చిందని, కామారెడ్డిలో డాక్టరు రొమ్ము మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాక చెప్పాడు. ఆయన వింటున్నంతసేపూ ఆమె నా వైపు చూడలేదు, గోడ మీద పటం చూసింది.

అదే రోజుల్లో ఆమె పిల్లలకు తెలుగు అక్షరాలు కొట్టడం నేర్పే ఆట ఒకటి బడి కంప్యూటర్లలో పెట్టాలనుకుంది. లినక్స్ అడిగినవన్నీ నెట్‌లోంచి తనే తెచ్చుకుంటుంది గాని ఎల్లారెడ్డి బడిలో నెట్ లేదు, అక్కడి సెంటర్లలో అంత పెద్దవి దిగేవి కావట. అందుకని కామారెడ్డి స్టేషను దగ్గరి నెట్ సెంటర్లో కూర్చుని, కావలసింది పెన్ డ్రైవులోకి ఎక్కించుకుని, పొద్దున బస్సులో తీసుకుపోయేది. ఆ పెన్ డ్రైవును నా బీడీల దారానికి కట్టి మెడలో వేసుకునేది. మా పక్కింటామె చూసి, "ఏ బాబ దగ్గర కట్టించుకున్నవే తాయెత్తు?" అని అడిగింది. "మస్తు పవరున్న బాబ పెద్దమ్మా, కరెంటు ఉంటెనే పనిచేస్తడు," అంది నా బిడ్డ.

తీరా అక్కడ పెడితే, ఇది ఎక్కాలంటే ముందు ఇంకొకటి కావాలి అని తెర మీద పేరు వచ్చేదట. ఆ పేరు తెచ్చుకుని సాయంత్రం మళ్లీ నెట్ సెంటరుకు. మరునాడు అది తీసుకుపోతే, దానికి ముందు మరొకటి. ఉద్యమం రోజులవి. బస్సులు ఏ రోజు తిరుగుతాయో ఏ రోజు బంద్ అవుతాయో తెలియదు. పేరు ఇంట్లో ఉండేది, సామాను పెన్ డ్రైవులో ఉండేది, బస్సు ఉండేది కాదు.

"గిదేం పంచాది బిడ్డా! ఒక్కటి తెస్తె ఇంకోటి అడుగుతది," అన్నాను.

"నీ పని గట్ల కాదా? ఆకు నాననిదే కత్తెర పెడతవా? కత్తిరించనిదే తంబాకు పోస్తవా? ముందు అది, తర్వాత ఇది. దానికి గూడ వరుస ఉంటది అవ్వా."

బడిలో లెక్కల సారుకు అంత ఓపిక లేదు. ఎవరో చెప్పారట, వరుస చూడకుండా బలవంతంగా ఎక్కించే ఉపాయం ఉందని. ఆమె లేని రోజు ఒక కంప్యూటరులో అలా ఎక్కించాడు. ఆట తెరుచుకోలేదు సరికదా, ఆ తర్వాత ఆ కంప్యూటరులో ఏ కొత్తది పెట్టబోయినా వద్దని, ఆ సగం ఎక్కినదాని పేరే చెప్పడం మొదలుపెట్టిందట.

"సారూ, పిల్ల లేకుండ పెండ్లి చేసిండ్రు మీరు," అందట ఆమె.

"మరి అది వద్దనకపాయె గదమ్మా!"

"వద్దనే అన్నది సార్. మీరే నోరు మూసిండ్రు."

ఆయన మంచివాడు, తనూ నవ్వాడట. ఆ కంప్యూటరును మళ్లీ దారికి తేవడానికి ఆమెకు వారం పట్టింది. ఆ వారం ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని తినకుండా లేచేది.

ఆమెను రైలులో హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను. గుండె తలుపు మార్చాలన్నారు. ఆపరేషన్ కాకపోతే ఎంతకాలం అని నేను అడిగాను. డాక్టరమ్మ నా వైపు కాకుండా ఆమె వైపు చూసి, "ఆలస్యం చెయ్యొద్దు," అంది. నాకు అది చాలు. ఇక కోస్తారు, బాగవుతుంది అనుకున్నాను. కానీ ఆ డాక్టరమ్మే మమ్మల్ని పండ్ల డాక్టరు దగ్గరికి పొమ్మంది.

"గుండెకు, పండ్లకు ఏం సుట్టరికం?" అని వరండాలో అరిచినంత పని చేశాను.

పండ్లలో చీము ఉంటే అది రక్తంలో పోయి కొత్త తలుపును పట్టుకుంటుందట. పండ్ల డాక్టరు చూసి రెండు పళ్లు తియ్యాలన్నాడు. తియ్యాలంటే ముందు రక్తం చూపించుకొమ్మన్నాడు. రక్తం తక్కువగా ఉంది, మందులు వాడి పెరిగాక రమ్మన్నారు. పెరిగాక పళ్లు తీశారు. పుండు మానాక మళ్లీ రక్తం చూడాలన్నారు. ప్రతిసారీ కామారెడ్డికి తిరిగి రావడం, మళ్లీ పోవడం. ప్రతిసారీ ఆమె స్టేషను మెట్ల మీద ఆగే చోటు ఇంకో మెట్టు కిందికి దిగేది.

ఒకరోజు నేను ఆగలేకపోయాను. "ఇవన్ని బంద్ పెట్టి సీదా కొయ్యమని చెప్తె ఏమాయె? నేను కాళ్లు మొక్కుత," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. వేళ్లు చల్లగా ఉన్నాయి, గోళ్లు నీలంగా ఉన్నాయి.

"బలవంతంగ ఎక్కిస్తె మొత్తం పడిపోతది అవ్వా. లెక్కల సారు చేసింది చెప్పలే నీకు? వాళ్లు అడిగేటివన్ని అయిపోనీ. అన్ని సరిపోయినంక ఇగ ఏం అడగది. గప్పుడు సప్పుడు లేకుండ అయిపోతది."

ఆమె చెప్పింది తప్పని నేను అనను. డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కానీ మీకొక మాట చెబుతాను. వరుస మనిషి పెట్టుకున్నది. లోపల కొరికేదానికి వరుస లేదు.

చివరి పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాక, ఫోను చేస్తాము అప్పటిదాకా ఇంట్లోనే ఉండమన్నారు. సెలవు పెట్టింది. ఆ రోజుల్లో ఒకసారి పెన్ డ్రైవు నేనే తీసుకుపోయాను. పిల్లలు బస్సు దగ్గరికి ఎదురొచ్చారు. ఫోనులో ఆమె ఇక్కడి నుంచి చెబుతుంటే అక్కడ వాళ్లు కొట్టారు. అందరూ తెరకు మొహాలు ఆనించి చూస్తున్నారు. మళ్లీ ఒక పేరు వచ్చింది. అందులో పెద్ద పిల్ల ఫోనులో, "మేడం, ఇంకొక్కటే అంటుంది," అని చెప్పింది. అవతల నా బిడ్డ ఆయాసమే వినబడిందని ఆ పిల్ల తర్వాత నాకు చెప్పింది.

ఆ ఒక్కటి ఆమె తనే తీసుకుపోతానంది.

"నేను పోత కద బిడ్డా. నువ్వు పండు," అన్నాను.

"ఆఖరుది అవ్వా. నా చేతితోని పెట్టాలె. పోయి కూసునుడే, కూసొని వచ్చుడే. నేనేమన్న నాట్లకు పోతున్ననా?"

జడ నేనే వేశాను. ఎప్పుడూ గట్టిగా వెయ్యి అనేది, ఆ రోజు వదులుగా వెయ్యమంది. తినడానికి పచ్చిపులుసు అన్నం కట్టి ఇచ్చాను. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, నవ్వింది అంతే. ఎండ బాగా ఉంది. రోడ్డు మీద దుమ్ము లేదు, మేఘం లేదు. చెడ్డ రోజు చెడ్డగా కనిపించాలని ఎక్కడా లేదు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో పిల్లలు నాకు చెప్పారు. ఆ చివరి ముక్క పెట్టగానే తెర ఏమీ అడగలేదట. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటి పై నుంచి కిందికి జారుతుంటే, అవి నేలకు తగలకముందే పిల్లలు కొట్టాలట, అదీ ఆట. అన్ని కంప్యూటర్లలోనూ తెరుచుకుంది. గదిలో గోల గోల. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, "ఇగ మీరు ఆడుకోండ్రి, నేను చూస్త," అందట. అన్నం డబ్బా మూత తియ్యలేదు.

నేను ఆమెకు తల్లిని, కానీ ఓపిక నాకు ఆమే నేర్పింది. ఒక పని ఎందుకు కావడం లేదో తిట్టకుండా అడగడం నేర్పింది. దానికి ఆమెకు రుణపడి ఉన్నాను. అది ఇప్పుడు నాకు ఏమాత్రం పనికొస్తుందో ఇంకా తెలియదు.

దినాలు అయిపోయిన మరునాడు ఫోను మోగింది. హైదరాబాదు నుంచి. ఆడపిల్ల గొంతు, చిన్న వయసే. పేషెంటుకు మీరు ఏమవుతారు అని అడిగింది. తల్లిని అన్నాను.

"అమ్మా, మీ బిడ్డ రిపోర్టులన్ని వచ్చినయి. రక్తం మంచిగున్నది. పండ్ల డాక్టరు గూడ సరే అన్నడు. ఇగ ఏం మిగల్లేవు. సోమవారం పొద్దుగాల తీస్కరాండ్రి, బెడ్ ఉంచినం."

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఇంటున్నరా అమ్మా? ఆ పొద్దు ఏం తినిపియ్యకుండ్రి. మంచినీళ్లు గూడ వద్దు."

"తినదు బిడ్డా," అన్నాను.

"మంచిది. మర్చిపోకుండ్రి మరి," అంది. ఆ గొంతులో సంతోషం ఉంది. రోజంతా ఎందరికో కాదు, లేదు అని చెప్పి, ఒక్కరికైనా మంచి మాట చెప్పగలిగానన్న సంతోషం.

సోమవారం తెల్లారింది. ఆ ఆసుపత్రిలో మేమిద్దరం ఒకసారి చూసిన పొడుగాటి గది ఉంది, వరసగా మంచాలు. అందులో ఒకదాని మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంటారు, తలాపున ఆమె పేరు రాసిన చీటీ అంటించి ఉంటారు. ఆ ఫోను చేసిన పిల్ల పనుల మధ్య తీరిక చేసుకుని మాటిమాటికీ తలుపు దాకా వచ్చి, మెట్ల వైపు చూసి పోతూ ఉంటుంది.