మాస్టారి ఇంటి కత్తెర

ఆ సాయంత్రం కటింగ్ మాస్టారు కత్తెరను నూనెగుడ్డతో తుడిచి, పిడి బయటికి ఉండేలా బల్ల అంచున పెట్టారు. పొద్దున ముందొచ్చినవాళ్ళ చేతికి అందాలని ఆయన పట్టింపు. "రేపు కాలర్లు పట్టుకుందాం తొందరమ్మా" అని, చెప్పులు తొడుక్కుని మెట్లు దిగిపోయారు. తెల్లారేసరికి నిద్రలోనే పోయారు. కాలర్లు తొందరమ్మ ఒక్కతే కోసింది.

ఆ పేరు ఆమెకు కుట్టుమిషన్ల వాళ్ళు పెట్టింది. ఆ కుట్టుపని కార్ఖానాలో ఆమె మాట ఎంత వేగమో చెయ్యీ అంత వేగం. గుండీలు కుట్టే మూల నుంచి ఆమెను కటింగ్ బల్ల దగ్గరికి తెచ్చింది మాస్టారే. ఆయన కోత మహా నిదానం. అది ఆయన ఓపిక అనుకునేవాళ్ళు అందరూ. మిగతావాళ్ళకు మాస్టారైనా ఆమెకు మాత్రం బాబాయ్.

ఆమె కోసిన మొదటి పెద్ద పని ఒక కొత్త హోటల్ వాళ్ళ కోట్లు. ఆ గుడ్డ ఒకవైపు నునుపు, రెండోవైపు గరుకు. నునుపు మీదికి నునుపు వచ్చేలా పరిచి కోస్తే కోటుకు కుడి, ఎడమ చేతులు జతగా వస్తాయి. తొందరమ్మ అన్ని పొరలూ నునుపువైపే పైకి పరిచి కోసేసింది. ముక్కలు మిషన్ల మీదికి వెళ్ళాక గానీ తెలియలేదు, అన్నీ ఎడమ చేతులేనని.

ఇక మళ్ళీ గుండీల మూలకే అనుకుంది.

ఓనరు గదిలోంచి వచ్చి ముక్కల్ని చూశాడు. "సగం తిరగేసి కుట్టేయండి మాస్టారూ. ఒక చెయ్యి గరుకుగా ఉంటుంది, అంతేగా. ఎవడు చూడొచ్చాడు?"

"వేసుకున్నవాడు చూస్తాడు బాబూ. పొద్దస్తమానం వాడి చెయ్యి వాడి కళ్ళముందేగా ఉండేది."

"అసలు కోసిందెవరు?"

తొందరమ్మ తల వంచుకుంది. బాబాయ్ తన మీద వేసుకుంటారేమోనని ఆశ లేకపోలేదు.

"కోసింది ఈ అమ్మాయి. కోసేముందు పొరల మధ్య చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. చూడలేదు." మాస్టారు గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"అయితే ఆ పిల్లను గుండీలకు పంపేయండి."

"గుండీలు కుట్టడం తనకి ఇదివరకే వచ్చుగా. కొత్త గుడ్డా తనే కోస్తుంది, నేను పక్కన నిలబడతా. ముందు ఆ ఫోనిలా ఇవ్వండి, హోటల్ వాళ్ళ తిట్లు నేను తింటాను."

అందరి ముందే మాట్లాడారు. పొరపాటు మాదే, కోట్లు ఆలస్యమవుతాయి అన్నారు. ఆ తర్వాత చాలాసేపు "అవునండీ, అవునండీ" తప్ప మరో మాట లేదు. ఫోను తిరిగి అందుకున్న ఓనరు మొహం మాడ్చుకునే కొత్త గుడ్డకు కబురు పెట్టాడు.

పాడైన ముక్కను గుమ్మం పక్క మేకుకు తగిలించాలని అక్కడో కట్టుబాటు. భోజనాల వేళ దాకా ఎవరైనా వేళాకోళం చేసుకోవచ్చు. చేతులు కడుక్కున్నాక ఆ ఊసెత్తకూడదు. ఎడమ చెయ్యి ముక్కను ఆమే తగిలించింది.

"ఏమే, ఆ హోటల్లో వడ్డించేవాళ్ళందరికీ ఒంటి చెయ్యేనా?" అంది కాజాలు కుట్టే అక్క.

"లేదమ్మా, రెండూ ఎడమవే" అన్నారు మాస్టారు, తొందరమ్మ కంటే ముందే. ఆమెకూ నవ్వాగలేదు.

మధ్యాహ్నం కొత్త గుడ్డ వచ్చాక, నునుపు మీదికి నునుపు పరిపించి ఆయన ఆమె పక్కన నిలబడ్డారు. "నా చెయ్యి చూడు. బొటనవేలు ఎక్కడుందో చూశావా?" అంటూ ఒక అంచు కోసి చూపించి కత్తెర ఆమెకిచ్చారు. ఈసారి చేతులు జతగా వచ్చాయి. ఆమె మళ్ళీ ఆ బల్ల వదల్లేదు.

మాస్టారు పోయిన కొన్నాళ్ళకు తొందరమ్మ వాళ్ళింటికి వెళ్ళింది. మాస్టారి భార్య అల్మారా లోంచి ఒక కత్తెర తీసి, "ఇంట్లో ఆయన వాడుకున్నదే. నీ దగ్గరుంటే బాగుంటుంది" అంది. తొందరమ్మ ఒక పాతగుడ్డ మీద పెట్టి చూసింది. గుడ్డ తెగకుండా రెండు అలుగుల మధ్య మడతపడింది.

"పదును పోయినట్టుంది పిన్నీ."

పిన్ని నవ్వింది. "పదునుకేం, బ్రహ్మాండంగా ఉంది. అది ఎడమచేతి కత్తెరే పిల్లా. మీ బాబాయిది పుర్రచేతివాటం."

"మరి బల్ల దగ్గర కుడిచేత్తోనే కోసేవారుగా?"

"నేర్చుకునేవాళ్ళు నా చెయ్యి చూసి కోస్తారు, తిరగేసి చూపిస్తే తికమకపడతారు అనేవారు. కష్టపడి అలవాటు చేసుకున్నారు. ఎంత కోసినా ఆ చేతికి మాత్రం వేగం రాలేదని నవ్వుకునేవారు."

తొందరమ్మ కత్తెరను ఎడమచేతికి మార్చుకుంది. వంకరగానే అయినా గుడ్డ తెగింది.